ఉద్దానాన్ని చదవలేని చదువులు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్న మాట అందరికీ తెలుసు. అక్షరం ముక్క రాని అవ్వ కూడా రిపోర్టు చేతికి రాగానే ఆ అంకె ఎంతో చెప్పమంటుంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడి తోటల నడుమ ఉన్న ఈ పల్లెల్లో షుగరు, బీపీ లేనివాళ్లకూ కిడ్నీలు పాడవుతున్నాయి. దశాబ్దాలుగా మనుషులు చనిపోతున్నా, ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు.

ఈ గోడు శ్రీకాకుళానికే పరిమితం కాదు. శ్రీలంకలో అనూరాధపురం, పొలొన్నరువ వరి రైతులనూ, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీలనూ ఇలాంటి జబ్బే కబళిస్తోంది. అన్నిచోట్లా ముందు బలయ్యేది ఎండలో ఒళ్లు వంచే పేదవాడే.

మరి మన విశ్వవిద్యాలయాలు ఏం చేస్తున్నాయి? తలా ఒక ముక్క కోసుకుని కూర్చున్నాయి. వైద్యులది రక్తం. జియాలజీ వాళ్లది బోరు నీళ్లలో సిలికా. వ్యవసాయ శాస్త్రానిది పురుగుమందు. ఎకనామిక్స్‌ది కూలి రేటు. ఎవరి థీసిస్ వారిది, ఎవరి అలమరా వారిది.

కొబ్బరి చెట్టెక్కే మనిషి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎన్ని చెంబుల నీళ్లు తాగాడు? అవి ఏ బోరు నీళ్లు? ఒళ్లు నొప్పులకు మందుల షాపులో ఏ మాత్ర కొని మింగాడు? కాసేపు నీడన కూర్చుంటే కూలి తగ్గుతుందా? ఈ ప్రశ్నలు నాలుగు డిపార్ట్‌మెంట్లవి. అడగాల్సింది మాత్రం ఒకే మనిషిని, ఒకే పూట, ఒకే చెట్టు కింద. అక్కడికి నలుగురూ కలిసి వెళ్లే ఏర్పాటు మన చదువుల్లో లేదు.

కలిసి పనిచేస్తే ఏమవుతుందో నికరాగువా చూపించింది. అక్కడి చెరకు తోటల్లో వైద్యులు, శ్రామిక ఆరోగ్య పరిశోధకులు కలిసి కూలీలకు పని మధ్య నీళ్లు, నీడ, విశ్రాంతి అందేలా చూసి, వాళ్ల కిడ్నీ పరీక్షలు చేశారు. సరిగ్గా అమలైన చోట కిడ్నీలు దెబ్బతినడం తగ్గింది. శ్రీలంక మరో దారి పట్టింది. కారణం రుజువు కాకముందే 2015లో గ్లైఫోసేట్ కలుపుమందును నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించింది. ఒక్క అనుమానాన్ని పట్టుకుని వేలాడితే జబ్బు ఆగదు.

2020 జాతీయ విద్యా విధానం 2040 నాటికి ఉన్నత విద్యాసంస్థలన్నీ బహుళ శాస్త్రాల సంస్థలు కావాలంది. మనవాళ్లు దాన్ని రెండు క్రెడిట్ల ఎలెక్టివ్‌గా, ఒక పూట సెమినార్‌గా కుదించేశారు. లెక్చరర్ అర్హత కోసం నెట్ పరీక్ష రాయాలంటే ఒక్క సబ్జెక్టే ఎంచుకోవాలి. రెండు శాస్త్రాల మధ్య నిలబడి పరిశోధన చేసిన పిల్లను లెక్చరర్ ఇంటర్వ్యూలో 'నీది ఏ సబ్జెక్టమ్మా?' అని అడిగి పంపేస్తారు. ధైర్యం చేసినవాళ్లకు ఇదా బహుమానం?

అన్నీ కాస్త కాస్త చదివితే ఏదీ లోతుగా రాదని పెద్దలు అంటారు. లోతు కావాల్సిందే. నెఫ్రాలజిస్టు నెఫ్రాలజీలో దిట్ట కావాల్సిందే. కానీ ఆ లోతులన్నీ ఒకే ప్రశ్న దగ్గర కలవకపోతే వాటివల్ల ఉద్దానానికి ఒరిగేదేమిటి?

2023లో పలాసకు 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి. హిరమండలం జలాశయం నుంచి మంచినీళ్ల పథకం వచ్చింది. సంతోషం. ఇప్పుడు విశ్వవిద్యాలయాలు కదలాలి. వైద్యం, నేల, నీరు, కూలి, వాతావరణం కలిపి ఉద్దానం మీద ఉమ్మడి పీజీ కోర్సు పెట్టండి. ఒక్కో థీసిస్‌కు రెండు మూడు శాఖల గైడ్లను ఇవ్వండి. ఆ డిగ్రీని ఉద్యోగాల్లో అన్ని సంబంధిత శాఖలూ గుర్తించాలి. తేలిన ప్రతి సంగతినీ జర్నల్ కంటే ముందు ఆ ఊళ్లో తెలుగులో చెప్పండి.

ప్రజల పన్నులతో నడిచే విశ్వవిద్యాలయం ప్రజల చావుకు కారణం వెతకడం బాకీ తీర్చడమే. ఆ బాకీ తీర్చేదాకా అంతర్జాతీయ ర్యాంకుల గురించి మాట్లాడే అర్హత ఏ వైస్ చాన్సలర్‌కూ లేదు.