ఇనుము ఊరిలో బంగారపు ముచ్చట
స్మృతి నగర్ మేడలమీఁదనుండి భిలాయి కొలుముల వెలుఁగును చూచు తెలుఁగువారు, అందు కరఁగు ఇనుము నక్షత్రగర్భములందు పక్వమైనదని వినియే యుందురు గాని, తమ యింటి పెట్టెలలోని బంగారమున కొంతయైనను రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఢీకొని యేకమైన వేళ జనించినదనుటకు 2017 ఆగస్టు 17 వఱకు ప్రత్యక్షసాక్ష్యము లేకుండెను. ఆనాడు, సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరముల దూరమందలి ఎన్‌జీసీ 4993 అను గెలాక్సీనుండి వచ్చిన గురుత్వ తరంగములు లైగో యంత్రములను కదల్చి ముగిసిన 1.7 సెకండ్లకే ఫెర్మీ ఉపగ్రహము గామా కిరణముల మెఱుపును పసిగట్టెను. 1967లో వేలా ఉపగ్రహములు తొలుత చూచినది మొదలు పండితులను వేధించిన గామా కిరణ విస్ఫోటములలో, హ్రస్వమైన వాని మూలము అట్లు తేటపడెను. శ్రీహరికోటనుండి 2015లో ఎగసిన మన ఆస్ట్రోశాట్‌కు ఆ మెఱుపు మెఱిసిన క్షణమున భూగోళమే అడ్డువచ్చెను. ఇది దురదృష్టమని కొందఱందురు. నా మతమున నిది ఒంటి ఉపగ్రహమునకు సహజమైన లోపము. ఆ లోపమును తీర్చుటకే, భూమికి ఇరుప్రక్కల రెండు ఉపగ్రహములు తిరుగవలెనను ‘దక్ష’ యోజనను బొంబాయి ఐఐటీ నాయకత్వమున మన శాస్త్రజ్ఞులు ప్రతిపాదించిరి. తెలంగాణమునకు చేరువనున్న హింగోలి జిల్లాలో లైగో-ఇండియాకు 2023లో 2,600 కోట్ల రూపాయలు మంజూరు చేసిన ప్రభుత్వము, దక్షను ఉపేక్షించుట గోపురము కట్టి కలశము మఱచుటయే యగును. ఆ రెండును ఏకకాలమున పనిచేయునట్లు దక్షకు అనుమతిని, ధనమును జాగులేక ఈయవలెను.