కొండమీద మేడ

పల్లపు నేలలో పుట్టినవారికి కొండమీద ఇల్లు కట్టుకోవాలనే కోరిక కలగడం సహజమే. కొల్లేటి ఒడ్డున బురదతోనూ వరదతోనూ కాపురం చేసినవాడు మెరకను ప్రేమించక ఏమి చేస్తాడు? ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లో నాలుగు రాళ్లు వెనకేసుకొన్నవారు కొందరు నేడు ఈ ముచ్చట తీర్చుకోవడానికి పటాలు గీయిస్తున్నారు. ఆ పటాలు చూస్తే విచారం కలుగుతుంది. నేలనుండి కప్పుదాకా అద్దపు గోడలు, ముందు ఈతకొలను, కారు తిరగడానికి చదునైన వాకిలి. కొండమీద కట్టే ఇంట్లో కొండకు మాత్రం చోటు లేదు.

ఈ విద్యలో గురువులు దూరాన లేరు. కామవరపుకోట దాపున గుంటుపల్లి కొండలో క్రీస్తుకు పూర్వమే బౌద్ధ భిక్షువులు నివాసాలు తొలిపించుకొన్నారు. అక్కడి గుండ్రని చైత్యంలో నిలిచి తల ఎత్తితే ఇసుకరాతిలో చెక్కిన వాసాలు కనిపిస్తాయి. రాతి కప్పుకు వాసాలతో పని ఏమున్నది? శిల్పికి తెలిసిన ఇల్లు కర్రతో కట్టిన ఇల్లు. కోస్తాలో మొన్నమొన్నటిదాకా గాలివానలకు తట్టుకొని నిలిచిన చుట్టిల్లు దానికి చుట్టమే అనిపిస్తుంది. అతడు తాను ఎరిగిన ఇంటిని కొండకు తీసుకుపోయాడు గాని, దానికోసం కొండను చదును చేయలేదు. రాయి అనువుగా ఉన్నచోటనే ఉలి పెట్టాడు. భోగం కోరని ఆ సన్న్యాసులకు నడివేసవిలో దొరికిన నీడ, పడమటి ఎండకు ఎదురొడ్డిన అద్దాల గదిలో ఎన్ని చల్లని యంత్రాలు పెట్టినా దొరకదు.

వాలును నరికితే పెద్దవానకు మట్టి కదులుతుంది. ఎగువ కొండల నీరు తమ్మిలేరులో ఏలూరును తాకి కొల్లేటికే చేరుతుంది కదా! వాలు వెంట మెట్లుమెట్లుగా గదులు, పొడుగాటి చూరు, పడమట మందపు గోడ, వాననీరు ఇంకే దారి — ఇదీ ఆధునికమే. విలాసానికీ లోటు లేదు.

ఇంతకూ పటానికి ముందు తేలవలసిన సంగతి ఒకటున్నది. ఆ నేల ఎవరిది? బుట్టాయగూడెం వైపు మన్యంలో గాని, అరకులో గాని గిరిజనేతరులు భూమి కొనడాన్ని 1970 నాటి ఒకటవ నిబంధన నిషేధించింది. ప్రభుత్వం సైతం అక్కడి భూమిని గిరిజనేతరులకు గనుల కౌలుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సింహద్వారం తూర్పుకా, ఉత్తరానికా అని వాస్తు పండితుణ్ణి పదిసార్లు అడిగే పెద్దమనిషి, ఈ ఒక్క మాట రెవెన్యూ కార్యాలయంలో అడగడానికి మాత్రం వెనుకాడతాడు.