చెరువు అంచు ఎవరిది?

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం పొద్దున మేము నగర శివారులోని ఒక చెరువు కట్ట మీద నిలబడ్డాం. మంచు ఇంకా విడలేదు. వెంట ఇద్దరు డిగ్రీ విద్యార్థులు, రిటైరైన లెక్చరర్ ఒకాయన, ఆయన మెడలో పాత బైనాక్యులర్. కొన్నేళ్ల కింద ఇదే చోట సూదితోక బాతుల గుంపును లెక్కపెట్టలేక వదిలేశామని ఆయన చెప్పారు. ఈసారి లెక్కకు ఏ కష్టమూ కాలేదు. నీళ్లు అప్పటికన్నా ఎక్కువే ఉన్నాయి. చుట్టూ రంగురంగుల టైల్స్ పరిచిన బాట, దీపాల స్తంభాలు, ఒక సెల్ఫీ పాయింటు. నడుమ నాలుగు బొల్లికోళ్లు, ఒక నీటికాకి. అంతే.

'చెరువు బాగుపడింది గదా సార్, మరి పిట్టలెందుకు రాలేదు?' అని పిల్లవాడు అడిగాడు. ఆ ప్రశ్న ఆ పిల్లవాడొక్కడిదే కాదు. చెరువుల పేరుతో కోట్లు ఖర్చు చేసిన ప్రతి ప్రభుత్వమూ, చప్పట్లు కొట్టిన మనమూ జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న.

ముందు వచ్చేవాళ్లెవరో చూద్దాం. నెత్తి మీద రెండు నల్ల పట్టీలుండే బార్‌హెడెడ్ గూస్ మంగోలియా, టిబెట్, లద్దాఖ్ సరస్సుల దగ్గర పిల్లలు చేసి, చలి ముదరగానే హిమాలయాలు దాటి మన మంజీరా ఒడ్డుకు వస్తుంది. పక్షులకు పరికరాలు కట్టి చూస్తే కొన్ని 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు తేలింది. సూదితోక బాతులు, పార లాంటి ముక్కుతో బురదనీళ్లు జల్లెడ పట్టే షవలర్లు మధ్య ఆసియా, సైబీరియాల నుంచి దిగుతాయి. వీటన్నిటికన్నా మాకు ముచ్చటైనది లిటిల్ స్టింట్ అనే చిన్న పిట్ట. ఎంత చిన్నదంటే బరువు పాతిక గ్రాములకు అటూ ఇటూ. ఉత్తర ధ్రువం దాపున, చెట్టు మొలవని టండ్రాలో పుట్టి, శీతాకాలం మన కుంటల బురదలో పురుగులేరుకుని బతుకుతుంది.

ఇప్పుడు దాని కాలు కొలవండి. రెండు సెంటీమీటర్లు. అంటే రెండు వేళ్ల లోతు నీళ్లుంటే అది నిలబడలేదు. ఉల్లంకి జాతి పిట్టలకు ఇంకొంచెం లోతు పనికొస్తుంది. పొడుగు గులాబీ కాళ్ల స్టిల్ట్‌కు జానెడు. తల నీళ్లలో ముంచి తోక పైకెత్తి మేసే బాతులకు మోకాటి లోతు. ఫ్లెమింగోలకు ఇంకాస్త ఎక్కువ. ఒడ్డు నుంచి లోపలికి మెల్లమెల్లగా వాలుగా దిగే చెరువులో ఇన్ని రకాలకూ చోటుంటుంది. నిట్టనిలువు గోడ కట్టి తొట్టిలా చేసిన చెరువులో మునిగి చేపలు పట్టే నీటికాకికి తప్ప ఎవరికీ తిండి దొరకదు. మేము చూసిన చెరువులో జరిగింది ఇదే. నీళ్లు మిగిలాయి, అంచు పోయింది.

ఆ అంచుకు మన రెవెన్యూ రికార్డుల్లో పాత పేరుంది. శిఖం. వానాకాలం నిండి మత్తడి దుంకిన చెరువు, ఆయకట్టుకు నీళ్లిచ్చి చలికాలానికి వెనక్కి తగ్గుతుంది. తగ్గిన కొద్దీ బయటపడే ఒండ్రు నేలలో రైతు కూరగాయలో, జొన్నో వేసుకుంటాడు. దున్నని చోట పక్షి మేస్తుంది. వాన పడితే ఇద్దరూ తప్పుకుంటారు, నేల మళ్లీ చెరువుదైపోతుంది. శిఖం పట్టాలున్నచోట కూడా ఒప్పుకున్నది సాగుకే గాని ఇంటికి కాదు. ఈ వంతుల కాపురం శతాబ్దాలు నడిచింది. ప్లాటు వచ్చాక ఆగిపోయింది, ఎందుకంటే ప్లాటు వానాకాలం తప్పుకోదు.

ఉద్యమ రోజుల్లో రామప్ప, పాకాల, లక్నవరం పేర్లు ఎత్తని ఉపన్యాసం లేదు. గొలుసుకట్టు చెరువులు మన నాగరికత అని చెప్పాం, చెరువులను ఎండబెట్టినవారిని నిలదీశాం. 'వలస పక్షులు' అన్న మాటను పార్టీలు మారే నాయకులకు తగిలించాం కూడా. పాపం, ఆ పక్షులకు అది అవమానం. అవి ఏటా వచ్చిన చెరువుకే వస్తాయి, మాట తప్పవు. 2014లో రాష్ట్రం వచ్చింది. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది. 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయాలన్నది లక్ష్యం. ఆ పని అవసరమే. పూడిక మట్టి పొలాలకు చేరింది, బోర్లలో నీళ్లు నిలిచిన ఊళ్లున్నాయి. దాన్ని చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. కాని పూడిక నడుమ తీయాలి, వాలును వదిలేయాలి అన్న సోయి కాంట్రాక్టరుకు ఎవరూ చెప్పలేదు. పల్లెల్లో ఇది కొంతవరకు సర్దుకుంటుంది, ఏటా వచ్చే ఒండ్రు మళ్లీ అంచు కడుతుంది. నగరంలో సర్దుకోదు.

నగరంలో ఇంకో చిక్కుంది. చెరువులు చలికాలంలో తగ్గడం లేదు. ఏడాది పొడుగునా మురుగు వచ్చి పడుతుంటే ఎట్లా తగ్గుతాయి? తగ్గకపోతే బురద బయటపడదు. ఆ మురుగు బలానికి గుర్రపు డెక్క పెరిగి నీటిని కప్పేస్తే బాతులు దిగడానికి తెరపి కూడా ఉండదు. జనవరిలో నిండుకుండలా ఉన్న చెరువును చూసి మురిసిపోకండి. ఆ నీళ్లు ఎక్కడివో అడగండి.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు పూర్తి నీటి మట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ వదలాలి. 1996 మార్చిలో వచ్చిన 111 జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఆ ఆంక్షలను సడలించింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ రెండు జలాశయాల్లో నీరు తగ్గిన శీతాకాలాల్లో ఫ్లెమింగోలు దిగడం నగరం చూసిందే. 2024 జూలైలో హైడ్రా వచ్చి కూల్చివేతలు మొదలుపెట్టింది. పేదల ఇళ్లకు ఒక కొలత, పెద్దల ప్రహరీలకు ఒక కొలత ఉండరాదన్న మాట మేమూ అంటాం. కాని ఆక్రమణ తొలగించిన చోట మళ్లీ అదే టైల్స్ బాట పరిస్తే పిట్టకు ఒరిగేదేమీ లేదు.

నడిచేవాళ్లకు బాట వద్దంటున్నామా? లేదు. ముసలివాళ్లు, ఆడపిల్లలు పొద్దున్నే నిర్భయంగా తిరగడానికి నగరంలో జాగా ఎక్కడుంది గనుక! బాట కట్ట వైపు వేయండి. ఎదురు ఒడ్డును, నీళ్లు సన్నగా పరుచుకునే వైపును, మట్టిగానే వదలండి. దీపాలు అటు వేయకండి. అడుగుతున్నది ఇంతే, దీనికి అదనంగా ఒక్క రూపాయి కూడా అక్కరలేదు, మిగులుతుంది కూడా. అమీన్‌పూర్ పెద్ద చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరాన్ని ఆనుకున్న చెరువుకు ఆ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు. బోర్డు పెట్టడంతో ఆగకుండా, అక్కడి శిఖం హద్దు రాళ్లు ఎక్కడున్నాయో సంగారెడ్డి జిల్లా విద్యార్థులు ఒకసారి వెళ్లి చూసి రావాలి.

పక్షుల లెక్క ఉబుసుపోక పని కాదు. సాలిం అలీ 1930ల మొదట్లో హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు కాబట్టే అప్పుడేముండేదో ఈ రోజు చెప్పగలుగుతున్నాం. 1980 నుంచి నగర పక్షి ప్రేమికుల సంఘం ఆదివారాలు చెరువుల వెంట తిరిగి రాసుకున్న నోటుబుక్కులూ అటువంటివే. ఇక్కడ చెరువే లేదు అని ఎవరైనా వాదించినప్పుడు, ఫలానా తేదీన ఫలానా చోట ఇన్ని బాతులు నీళ్లలో ఉన్నాయన్న రాత మన చేతిలో ఉండాలి.

ఆసియా నీటి పక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఇందులో పాల్గొనడానికి డిగ్రీలేమీ అక్కరలేదు. ఉద్యోగులకు ఆదివారం చాలు. పొద్దున ఆరున్నరకల్లా కట్ట మీద ఉండండి, సూర్యుణ్ని వీపు వైపు పెట్టుకోండి, రంగు బట్టలు వద్దు. ఫోటో కోసం గుంపును లేపేవాళ్లు, డ్రోన్ ఎగరేసేవాళ్లు కనబడితే మర్యాదగానే ఆపండి. లేచిన ప్రతిసారీ ఆ పక్షి తిరుగు ప్రయాణానికి దాచుకున్న కొవ్వు కరుగుతుంది. పేరు తెలియని పిట్టకు బొమ్మ గీయండి. పిట్టల పక్కన ఇంకో గడి గీసి, ఆ రోజు నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో, ఒడ్డు మట్టిదో సిమెంటుదో, మురుగు ఎటు నుంచి వస్తోందో కూడా రాయండి. ఆ కాగితాలు మాకు పంపండి. మార్చిలో పక్షులు వెళ్లిపోయేలోగా, చెరువు వారీగా ఈ పేజీలోనే అచ్చేస్తాం.