ఏడు నాట్ల పడవ

విశాఖ బీచ్‌లో చూసిన ఫైబర్ బోట్లు తప్ప నాకు పడవలతో పరిచయం లేదు. ఎక్కితే కడుపులో తిప్పే రకాన్ని. అయినా రస్లర్ 36 గురించి చదివాక ఈ టపా రాయకుండా ఉండలేకపోతున్నా.

బ్రిటన్‌లో హోల్మన్ అండ్ పై వాళ్ళు డిజైన్ చేసిన ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ ఇది. 1980లో వచ్చింది. పొడవు 35 అడుగుల పైచిలుకు, బరువు దాదాపు 7.6 టన్నులు. అందులో 3 టన్నులకి పైగా అడుగున కీల్‌లో ఉండే బరువే. అందుకే అల పక్కకి పడేసినా మళ్ళీ లేచి నిలబడుతుంది. కీల్ పొడుగ్గా సాగి ఉంటుంది, చుక్కాని దాని వెనక అంచుకే తగిలించి ఉంటుంది. కాబట్టి నీళ్ళలో తేలే దుంగ తగిలినా చుక్కానికి కాస్త రక్షణ. పట్టిన దిక్కుని తొందరగా వదలదు, ఒంటరి నావికుడు కాసేపు కునుకు తీయొచ్చు.

లోపాలు లేవా? బోలెడు. మహా అయితే 7 నాట్లు, అంటే గంటకి 13 కిలోమీటర్లు. హార్బర్‌లో రివర్స్ తీయాలంటే చుక్కలు కనిపిస్తాయి. సన్నటి కీల్, విడిగా వేలాడే చుక్కాని ఉన్న కొత్త పడవలు దీన్ని సునాయాసంగా దాటేస్తాయి. అలాగని వాటికి రిస్కు లేదనుకోకండి. 2014లో అట్లాంటిక్‌లో చీకీ రఫీకీ అనే పడవకి అలాంటి కీలే ఊడిపోయింది. నలుగురు పోయారు.

పాతవన్నీ బంగారం అనడం లేదు. 1988కి ముందు డిజైన్ చేసిన పొడుగు కీల్ పడవలతో, జీపీఎస్ లేకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టే పోటీ గోల్డెన్ గ్లోబ్. 2018లో మన నేవీ అధికారి అభిలాష్ టోమీ గోవాలో కట్టిన చెక్క పడవ తురీయలో వెళ్ళాడు. అదీ పొడుగు కీల్ పడవే. తుఫానులో కొయ్య విరిగింది, ఆయన నడుం విరిగింది. అదే పోటీలో 73 ఏళ్ళ వాన్ డెన్ హీడే పడవ కూడా తలకిందులైంది. ఆయన దెబ్బతిన్న కొయ్యని నడిసముద్రంలోనే బాగుచేసుకుని గెలిచాడు. ఆయనది రస్లర్ 36. రెండు, మూడు స్థానాలవీ అవే. 2022లో అభిలాష్ మళ్ళీ బయల్దేరాడు, ఈసారి రస్లర్‌లో. 236 రోజుల తర్వాత రెండోవాడిగా ఒడ్డు చేరాడు.

నాకు అర్థమైందల్లా ఒకటే. ఏ పడవా దెబ్బ తగలకుండా తప్పించుకోలేదు. తగిలాక బాగుచేసుకోడానికి ఎంత టైమిస్తుందన్నదే దాని గొప్పతనం. మనం డెమోలో స్పీడు చూసి చప్పట్లు కొట్టి, అర్ధరాత్రి సర్వర్ పడిపోయాక రోల్‌బ్యాక్ కోసం వెతుక్కుంటాం. కిందటేడు నేనూ అలా తెల్లవార్లూ కూర్చున్నా. మునిగింది సర్వరే కాబట్టి ఇంటికొచ్చి పడుకున్నా.

సముద్రంలో ఆ సౌకర్యం లేదు కదా.