పడవ దిగినంక ఏమిచ్చిన్రు?

నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు తెరచాప పడవలో భూగోళం చుట్టి వచ్చిన కథ వనపర్తిలో మా సంఘం సమావేశంలో చెబుతున్నాను. అది నాకు ఇష్టమైన కథ. వర్తికా జోషి నాయకత్వం. ఆరుగురిలో స్వాతి, ఐశ్వర్య మన తెలుగువాళ్ళు. 2017 సెప్టెంబర్ 10న గోవాలో 55 అడుగుల 'తారిణి' ఎక్కారు. కేప్ హార్న్ దాటారు. చివర్లో స్టీరింగ్ చెడితే మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు. 254 రోజుల తర్వాత, 2018 మే 21న గోవాలోనే దిగారు. స్వయంగా రక్షణమంత్రే, ఆమె కూడా స్త్రీయే, ఎదురొచ్చి స్వాగతం చెప్పారు.

చప్పట్లు కొట్టారు. గద్వాల వైపు నుంచి వచ్చిన ఒకామె మాత్రం కొట్టలేదు. "దిగినంక ఆళ్ళ నౌకరి పర్మనెంటు అయ్యిందా అక్కా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నా కథ పూలదండల దగ్గరే అయిపోతుంది మరి! ఇంటికెళ్ళి కాగితాలు తిరగేస్తే సిగ్గేసింది. 1992 నుంచి నౌకాదళంలో స్త్రీలు అధికారులుగా ఉన్నారు. కానీ కొన్ని శాఖల్లో తప్ప శాశ్వత కమిషన్ ఉండేది కాదు. పద్నాలుగేళ్ళు చాకిరీ చేయించుకుని పంపేయడమే. పెన్షన్‌కు ఇరవై ఏళ్ళు కావాలి. శాశ్వత కమిషన్ ఇవ్వమని 2015లో ఢిల్లీ హైకోర్టు చెబితే ప్రభుత్వం సుప్రీంకోర్టుకెక్కింది. అంటే రేవులో దండలు వేసిన రోజున అదే ప్రభుత్వం అక్కడ అదే సేనలోని స్త్రీలకు వ్యతిరేకంగా వాదిస్తోంది! వాదన ఏమిటనుకున్నారు? రష్యా తయారీ నౌకల్లో ఆడవాళ్ళకు స్నానాల గదులు లేవట! 55 అడుగుల పడవలో ఎనిమిది నెలలు గడిపి వచ్చిన ఆడవాళ్ళకు చోటులేని యుద్ధనౌకలు! 2020 మార్చి 17న సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. హక్కు రేవులో రాలేదు, కోర్టులో వచ్చింది.

సైన్యం గురించి నా అభిప్రాయాలు వేరు, అవి మరోసారి. "ఆఫీసర్ల గొడవ మనకెందుకు" అనే మిత్రులతో మాత్రం నాకు పేచీ ఉంది. నాగర్‌కర్నూల్ బస్టాండులో బొంబాయి, పూనా పనుల నుంచి మూటలతో దిగే మన పాలమూరు ఆడవాళ్ళకు దండ కూడా లేదు. జంట కూలి భర్త పేర రాస్తారు. దిగీ దిగగానే మేస్త్రి, అడ్వాన్సు ఇంకా తీరలేదంటాడు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం రానూపోనూ ఛార్జీలే కాదు, ప్రయాణపు రోజులకు కూలి కూడా ఇవ్వాలంది. ప్రయాణమూ పనేనని చట్టమే ఒప్పుకుంది! ఆ డబ్బు చేతికందిన ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు.

ఇప్పుడు ఆ కథను 2018 మే దగ్గర ఆపడం లేదు. 2020 మార్చి దాకా చెప్పి, ఇంట్లో మేస్త్రి లెక్క రాసిన చీటీ ఉంటే తెమ్మంటున్నాను. పోయినసారి పదకొండు మంది తెచ్చారు.