హోరు తగ్గాలంటే వేడి పెరగనక్కరలేదు

ప్రాసెసరు ఫ్యాను మాట ఎక్కడ వచ్చినా రెండు పక్షాలు కనబడతాయి. చల్లదనం ముఖ్యం, చప్పుడు భరించక తప్పదనేది ఒక పక్షం. చప్పుడు భరించలేము, నాలుగు డిగ్రీలు పెరిగితే పెరగనీ అనేది రెండవ పక్షం. ఇద్దరూ ఒక్క విషయంలో మాత్రం ఏకీభవిస్తారు: నిశ్శబ్దమూ చల్లదనమూ తక్కెడలోని రెండు సిబ్బెలు, ఒకటి లేస్తే ఇంకొకటి దిగవలసిందేనని. నాకు పేచీ ఉన్నది ఆ ఏకాభిప్రాయంతోనే. మన ఇళ్ళలో వినబడే హోరులో అధికభాగం దుమ్ముకు, ఎండిపోయిన పేస్టుకు, ఎక్కడో చల్లని గదిలో ఎవరో నిర్ణయించిన వేగపు లెక్కకు మనం కడుతున్న సుంకం. దానివల్ల ప్రాసెసరుకు ఒరిగేదేమీ లేదు.

ముందుగా ఒక ఆక్షేపణకు జవాబు చెప్పాలి. నెత్తిమీద సీలింగు ఫ్యాను గిరగిర తిరుగుతుంటే బల్ల కింది పెట్టెలోని చిన్న ఫ్యాను ఎవరికి వినబడుతుందని అడుగుతారు. (మనవాళ్ళు ఆ పెట్టె మొత్తాన్నీ సీపీయూ అనే పిలుస్తారు, సరిదిద్దే ప్రయత్నం నేనెప్పుడో విరమించుకున్నాను.) వినబడుతుంది, అందుకు కారణమూ ఉంది. రెక్కల సంఖ్యను సెకనుకు తిరిగే చుట్లతో గుణిస్తే ఫ్యాను పలికే ప్రధాన స్వరం తేలుతుంది. మూడు రెక్కల సీలింగు ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరిగితే అది 15 హెర్ట్‌జ్, మన చెవికి అందనంత కింద ఉంటుంది. మనం వినేది ప్రధానంగా గాలి ఊపే. ఏడు రెక్కల చిన్న ఫ్యాను 3000 చుట్లు తిరిగితే అదే లెక్క 350 హెర్ట్‌జ్ అవుతుంది. అంటే సరిగ్గా ఆడవారు పాడుకునే స్వరాల నడుమ వచ్చి కూర్చుంటుంది.

దీని ఫలితం ఏమిటో నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా పెద్దమ్మకు దంపుళ్ళ పాటలూ, అప్పగింతల పాటలూ చాలా వచ్చు. ఒక మే నెల మధ్యాహ్నం మా బావ తన ల్యాప్‌టాపును ఆవిడ ముందు పెట్టి, దానికే ఉన్న మైకుతో గంటకు పైగా రికార్డు చేశాడు. ఆవిడ ఇప్పుడు లేరు. ఆ గంటసేపూ పాట వెనుక సన్నని ఈల ఒకటి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. చప్పుడు తొలగించే సాఫ్టువేరుతో ఎంతో ప్రయత్నించాను. ఈల తగ్గుతుంది, దానితోపాటు ఆవిడ గొంతులోని జీవమూ పోయి, కుండలోంచి ఎవరో పాడుతున్నట్టు వినిపిస్తుంది. రెండూ ఒకే స్వరస్థానంలో ఉంటే వేరు చేయడం యంత్రానికీ కష్టమే. ఆ మాదిరి పాటలు తెలిసినవారు మీ ఇళ్ళలో ఉంటే, ఫ్యాను సంగతి తేల్చుకుని మరీ వారి ముందు కూర్చోమని నా మనవి.

ఇక అసలు విషయం. ఫ్యాను తోసే గాలి దాని వేగానికి అనుగుణంగా పెరుగుతుంది. చప్పుడు మాత్రం, ఇంజనీర్లు వాడే స్థూలసూత్రం ప్రకారం, వేగపు ఐదవ ఘాతంతో పెరుగుతుంది. వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెళ్ళు పడిపోతుంది. 10 డెసిబెళ్ళు తగ్గితేనే చెవికి సగమైనట్టు తోస్తుంది. వేగాన్ని నాలుగోవంతు తగ్గించినా 6 డెసిబెళ్ళ లాభం. ఒకే పోలికలో ఉన్న ఫ్యానులలో గాలి వ్యాసపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది కనుక, 80 మిల్లీమీటర్ల దాని స్థానంలో 120 మిల్లీమీటర్లది పెడితే అంతే గాలికి మూడోవంతు కన్నా తక్కువ వేగం చాలు. పెద్ద రెక్కలు అదనంగా చేసే చప్పుడును కలుపుకున్నా లెక్క ప్రకారం 14 డెసిబెళ్ళు మిగులుతాయి. గాలి అంతే, చప్పుడు తక్కువ. తక్కెడ వాదం ఇక్కడే వీగిపోతుంది.

వేడి లెక్క ఇంకా సులభం. ప్రాసెసరు ఖర్చుచేసే వాట్లను, వేడి బయటకు పోయే దారిలోని నిరోధంతో గుణించి, గది ఉష్ణోగ్రతకు కలపడమే. 65 వాట్లు, వాటుకు అర డిగ్రీ అనుకుందాం, ముప్పైరెండున్నర డిగ్రీలు. డిసెంబరులో 24 డిగ్రీల గదిలో ప్రాసెసరు 57 దగ్గర ఆగుతుంది. మే నెలలో విజయవాడలో 38 డిగ్రీల గదిలో 70 దాటుతుంది. పని అదే, ప్రాసెసరు అదే, కానీ 70 అంకె చూడగానే ఫ్యాను గావుకేకలు పెట్టేలా ముందే లెక్క రాసిపెట్టి ఉంటుంది. నేటి డెస్క్‌టాపు ప్రాసెసర్లలో చాలావాటికి 95, 100 డిగ్రీల దగ్గర గాని తమంతట తాము వేగం తగ్గించుకునే హద్దు రాదు. 70కి కంగారు పడవలసిన అవసరమే లేదు.

కాబట్టి మదర్‌బోర్డు బయాస్‌లో ఫ్యాను వేగపు గీతను మనమే గీసుకోవాలి. నేను 65 డిగ్రీల వరకు నెమ్మదిగా, ఒకే వేగంతో తిరగనిస్తాను. అక్కడి నుంచి 80 వరకు కొద్దికొద్దిగా పెంచి, 90 చేరేసరికి పూర్తి వేగం ఇస్తాను. ఆ చివరి అంకెను ఎన్నడూ తగ్గించకూడదు. అవసరం వచ్చిననాడు ఫ్యాను తన బలమంతా చూపగలిగితేనే చల్లదనంలో లోటు రాలేదని చెప్పగలం. ఇంకొక మీట, నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది, ఆలస్యపు మీట. ఒక పేజీ తెరవగానే ప్రాసెసరు ఒక్క క్షణం వేడెక్కి మళ్ళీ చల్లబడుతుంది. ఆ క్షణానికల్లా ఫ్యాను లేచి అరవనక్కరలేదు. హీట్‌సింకు లోహం అంత వేడిని తనలో దాచుకోగలదు. కొన్ని సెకన్లు ఆగి స్పందించమని చెబితే ఆ ఎక్కుడు దిగుడు పోతుంది. ఒకే తీరున సాగే చప్పుడును చెవి కాసేపటికి మరచిపోతుంది, మారుతుండేదాన్ని ఎన్నటికీ మరువదు.

దుమ్ము గురించి పెద్దగా చెప్పను, అందరికీ తెలిసినదే, ఎవరూ తుడవనిదే. హీట్‌సింకు రేకుల మధ్య పేరుకున్న దుమ్మును ఊదేటప్పుడు రెక్కలను వేలితో పట్టుకోండి, లేకపోతే గాలి వేగానికి అడ్డూ ఆపూ లేకుండా తిరిగి బేరింగు చెడుతుంది. ఏళ్ళ తరబడి ఎండిన థర్మల్ పేస్టును తుడిచి, శనగగింజంత కొత్తది పెడితే ఎన్నోసార్లు ఫ్యాను దానంతటదే శాంతిస్తుంది.

వీటన్నిటికన్నా పై మెట్టు వేడి పుట్టకుండా చూడడం. ప్రాసెసరు తన పనికి ఖర్చుచేసే విద్యుత్తు వోల్టేజి వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజి పదిశాతం తగ్గితే ఆ ఖర్చు 19 శాతం తగ్గుతుంది, వేగంలో ఏ మార్పూ లేకుండా. 2019లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ఇంటెల్ ల్యాప్‌టాపులలో ఈ వెసులుబాటును మూసివేశారు. అటువంటివారు విండోస్ పవర్ సెట్టింగులలో ప్రాసెసరు గరిష్ఠస్థాయిని 99 శాతానికి దించితే, చాలా యంత్రాలలో టర్బో వేగం ఆగిపోతుంది. తెలుగు టైపు చేసుకోవడానికి, పాట రికార్డు చేయడానికి టర్బో దేనికి?

చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 1980లో వచ్చిన ఆపిల్-3లో ఫ్యాను ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టారని ప్రసిద్ధమైన కథ. నిశ్శబ్దంగానే ఉండేది, కానీ వేడికి చిప్పులు సాకెట్లలో కదిలి యంత్రం మొరాయించేదని చెబుతారు. ఫ్యానును తీసివేశారు, వేడిని తీసివేయలేదు. 2004లో ఇంటెల్ వారి ప్రెస్కాట్ తరం పెంటియం-4 115 వాట్ల దాకా వెళ్ళింది. ఆనాటి పెట్టెల హోరు గుర్తున్నవారు మనలో చాలామందే ఉంటారు. 2006లో కోర్ 2 డుయో 65 వాట్లతో అంతకన్నా మెరుగ్గా పనిచేసింది. 2020లో ఎం1 చిప్పుతో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు. గంటల తరబడి భారమైన పని చెబితే అది కాస్త నెమ్మదిస్తుంది, కాని రాతకోతలకు దానికి లోటు లేదు. నలభై ఏళ్ళ క్రితం బలవంతంగా తెచ్చిన నిశ్శబ్దం, వేడి తగ్గాక సహజంగా వచ్చింది.

పెట్టె పక్క తలుపు తీసి ఉంచడం నాకు నచ్చని వైద్యం. చప్పుడుకు అడ్డు పోతుంది, దుమ్ముకు దారి పడుతుంది, గాలి నడవవలసిన మార్గమూ చెదురుతుంది. నీటితో చల్లబరిచే పరికరాల మీద కూడా నాకు అంత మోజు లేదు. నీరు వేడిని మోసుకుపోయి రేడియేటరుకు అప్పగిస్తుంది, అక్కడ మళ్ళీ ఫ్యానులే ఊదాలి, పైగా పంపు గురక అదనం. ఆ డబ్బుతో పెద్ద హీట్‌సింకూ, 120 మిల్లీమీటర్ల ఫ్యానూ వస్తాయి.

ఫ్యాను కొనేటప్పుడు నాలుగు తీగలున్నదే అడగండి. మూడు తీగల దానికి వోల్టేజి తగ్గించి వేగం తగ్గించాలి, మరీ తగ్గితే అది తిరగడమే మానేస్తుంది. నాలుగో తీగ ఉన్నదానికి 12 వోల్టులూ అందుతూనే వేగం వేరుగా చెప్పబడుతుంది. క్యాబినెట్‌లో ఎంత ఎత్తు హీట్‌సింకు పడుతుందో ముందుగా స్కేలుతో కొలుచుకుని మరీ దుకాణానికి వెళ్ళండి.