అడగని ప్రశ్నకు మా ప్రాణాలు పణమా?

"గర్భసంచి తీసేద్దాం. చిన్న ఆపరేషనే" అన్నారు డాక్టరుగారు. ఆ మాట నా భర్త ముఖం చూసి అన్నారు, నా ముఖం చూసి కాదు. నాకు భయం వేసింది. కోతకు కాదు, మత్తుకు.

ఖానాపూర్‌లో మా అవ్వ బాయిలో నీళ్లు తోడితే, తాడు పట్టిన పిడికిలి వెంటనే విడేది కాదు. వేళ్లు మెల్లగా సాగదీసుకునేది. నలభై దాటకముందే కళ్లల్లో శుక్లాలు వచ్చాయి. మేనమామకూ అంతే. ఊరంతా "నరాల బలహీనత" అంది. దానికి మయోటోనిక్ డిస్ట్రోఫీ అనే పేరుందని హైదరాబాద్ పోయాకే తెలిసింది.

ఈ సంగతి డాక్టరుకు చెప్తానంటే మా ఆడబిడ్డ ఆపింది. "బిడ్డ పెండ్లికున్నది వదినె. గిప్పుడు గా ముచ్చటెందుకు?" ఆమెను తప్పుపట్టలేను. జబ్బు బయటపడితే సంబంధం చెడుతుంది, నింద ఆడదాని పుట్టింటి మీద పడుతుంది. నిజానికి ఈ జబ్బు తల్లి నుంచీ రావచ్చు, తండ్రి నుంచీ రావచ్చు. ఇద్దరిలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ, కొడుకైనా కూతురైనా, వచ్చే అవకాశం సగానికి సగం. దీనికి కారణమైన జన్యువును 1992లోనే గుర్తించారు. అయినా మన ఇళ్లల్లో అది ఇంకా "తల్లిగారింటి రోగమే".

కానీ మత్తుబల్ల మీద ఈ మౌనం ప్రాణం తీయగలదు. ఈ జబ్బున్న వారికి సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇస్తే కండరాలు, దవడ బిగుసుకుపోయి శ్వాసగొట్టం వేయడం కష్టమవుతుంది. మామూలు మోతాదు మత్తుకూ, నొప్పి మందుకూ ఊపిరి మందగించవచ్చు. గుండె లయ తప్పవచ్చు. పైకి ఏ లక్షణమూ కనిపించని మనిషికీ ఈ ప్రమాదం ఉంటుంది. అందుకే ముందుగా అడగాలి. నన్నెవరూ అడగలేదు. కాగితం మాత్రం నా భర్త చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు.

పల్లెటూరి ఆసుపత్రిలో ఇవన్నీ అడిగే తీరిక ఎక్కడిదంటారు. "మీ ఇంట్లో నరాల, కండరాల జబ్బులున్నాయా? మత్తిచ్చినప్పుడు ఎవరికైనా ప్రమాదమైందా?" ఈ రెండు ప్రశ్నలకు యంత్రం కావాలా? తొందరకు స్త్రీలు ఎంత మూల్యం చెల్లిస్తారో 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో చూశాం. ఒక్కరోజే 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు, నలుగురు చనిపోయారు. అక్కడ కారణం ఇన్‌ఫెక్షన్, జబ్బు కాదు. కానీ బల్లమీది స్త్రీని మనిషిగా కాక లెక్కగా చూసే చూపు రెండుచోట్లా ఒకటే.

సమీరా కోహ్లి కేసులో 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగానే చెప్పింది. మత్తులో ఉన్న స్త్రీకి ఆమె తల్లి అనుమతితో గర్భసంచి, అండాశయాలు తీసేయడం చెల్లదంది. ప్రమాదాలూ, ఇతర మార్గాలూ రోగికే చెప్పి, రోగి నుంచే అంగీకారం తీసుకోవాలంది. తల్లి సంతకమే చాలనప్పుడు భర్త సంతకం ఎలా చాలుతుంది?

ఇలా చెప్తే ఆపరేషనే చేయరేమోనని కొందరు అక్కలు భయపడుతున్నారు. జబ్బుందని వైద్యం నిరాకరించమని మనం కోరడం లేదు. ముందుగా గుండె, శ్వాస పరీక్షలు చేయమంటున్నాం. మత్తు డాక్టరుకు ముందే తెలియజేయమంటున్నాం. వెంటిలేటరున్న చోట చేసి, తర్వాత కూడా ఊపిరి కనిపెట్టి ఉండమంటున్నాం. అసలు ఆ ఆపరేషన్ అవసరమా, మందులతో తగ్గదా అని కూడా అడుగుతున్నాం.

నేను చివరికి చెప్పేశాను. పరీక్షలు ఇంకా సాగుతున్నాయి, భయమూ ఉంది. నా బిడ్డకు కూడా చెప్పాను. రేపు కాన్పుకు బల్ల ఎక్కేది ఆమె కదా! పెండ్లి సంబంధం కోసం దాచిన నిజం ఆమె ఊపిరిని అడ్డుకుంటే, ఆ పరువు ఎవరికి కావాలి?

గ్రామాల్లో సంఘాల మీటింగులు పెడుతున్న మిత్రులారా, ఈసారి ఆ రెండు ప్రశ్నలు మీరే ముందు అడగండి. జవాబు చెప్పిన స్త్రీని ఎవరూ వేలెత్తి చూపకుండా ఆమె పక్కన నిలబడండి. ఆసుపత్రులు మనల్ని అడిగేదాకా మనం వాటిని అడుగుదాం.